కుక్కలబండికి ఎదురు నిలిచిన ఇల్లు

చరిత్ర అంటే రాజులూ యుద్ధాలూ అనుకుంటాం. కుక్కలబండికీ ఒక చరిత్ర ఉందంటే నవ్వుతారేమో గాని, ఉంది మరి!

మద్రాసులో వీధికుక్కల్ని పట్టి చంపడం 1860 ప్రాంతాల్లో, దొరల హయాంలో మొదలైంది. దొరలు వెళ్ళారు గాని బండి వెళ్ళలేదు. విచిత్రమేమంటే, చంపుతున్నకొద్దీ చంపాల్సిన కుక్కలు పెరిగాయే తప్ప తగ్గలేదు. ఎందుకంటారా? వీధిలో కుక్కలు మాయమైనా ఎంగిలాకులు మాయం కావు కదా! పక్కవీధి కుక్కలు వచ్చి చేరతాయి, పిల్లల్ని పెడతాయి.

1959లో పైలట్ కెప్టెన్ సుందరం కుటుంబం మద్రాసులో బ్లూ క్రాస్ మొదలుపెట్టింది. వాళ్ళ ఇల్లే తొలి ఆశ్రయం. ఆయన భార్య ఉషగారు సామాన్యురాలు కాదు; 1950లో భర్తతో కలిసి లండన్ నుంచి బొంబాయికి 27 గంటల్లో విమానం నడుపుకొచ్చిన మనిషి. అంత ఎత్తున ఎగిరినావిడ ఇంట్లో దిక్కులేని కుక్కపిల్లలకి చోటు దొరకడం నాకు ఆ విమానయానం కన్నా గొప్పగా తోస్తుంది.

చంపడం మాని, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేద్దామని వారబ్బాయి చిన్ని కృష్ణ 1964లో పూనుకున్నారు. మనుషులకే కుటుంబనియంత్రణ అంటే ముసిముసిగా నవ్వుకునే రోజులవి. ఇక కుక్కలకంటే వినేదెవరు?

చెప్పినంత సులువూ కాదు. మత్తిచ్చి, కోసి, కుట్టి, రేబిస్ టీకా వేసి, గుర్తుకి చెవి కొస కత్తిరించాలి. గాయం మానాక పట్టుకొచ్చిన వీధిలోనే వదలాలి. డాక్టరుగారి పని కాసేపే. ఆ తరవాత అన్నం పెట్టడం, గిన్నెలు కడగడం, కట్టు నాక్కోకుండా కనిపెట్టుకుని ఉండడం... బాలింతకు చేసిన చాకిరీ అంతానూ! జీతం భత్యం లేకుండా వచ్చే స్వచ్ఛంద సేవకులు లేకపోతే ఇలాంటి ఆశ్రమాలు నడవవు.

మద్రాసు కార్పొరేషన్ ఈ దారికి వచ్చేసరికి 1996 అయింది. అంటే ముప్పై రెండేళ్ళు! ఈలోగా 1992లో అమల అక్కినేని హైదరాబాదులో బ్లూ క్రాస్ స్థాపించారు. 2001లో కేంద్రప్రభుత్వం దేశమంతటికీ నియమాలు చేసింది. చెన్నైలో రేబిస్ మరణాలు బాగా తగ్గాయి కూడా.

నాకు నచ్చింది ఇదే. కుక్కంటే జాలిపడే తల్లీ, బడికెళ్ళే పిల్లవాడి పిక్కలకోసం హడలిపోయే తల్లీ పోట్లాడుకోనక్కర్లేదు. ఇద్దరికీ కావలసింది ఆ కత్తిరించిన చెవే. ఈసారి వాకిట్లోకి వచ్చిన కుక్కకి ముద్ద పెట్టేటప్పుడు, దాని తోకతోబాటు చెవి కొస కూడా ఓసారి చూడండి.