రోజూ 4 ఆటలు

పాత దినపత్రికలు తిరగేస్తే వార్తల కన్నా సినిమా ప్రకటనలే నన్ను ఎక్కువసేపు కూర్చోబెడతాయి. 1970ల, 80ల ప్రకటనల్లో హీరో బొమ్మ కింద హాళ్ళ పేర్లు వరసగా ఉంటాయి. వాటి పక్కన చిన్న అక్షరాల్లో 'రోజూ 3 ఆటలు' అనో 'ఉదయం ఆట మాత్రమే' అనో ఉంటుంది. పెద్ద హిట్టయితే 'రోజూ 4 ఆటలు' అని కాస్త లావుగా అచ్చు వేసేవారు. ఇప్పటి కుర్రాడికి చూపిస్తే "హాలన్నాక నాలుగాటలు వేయక ఏం చేస్తారు, ఇందులో చెప్పుకోవడానికేముంది?" అంటాడు.

చెప్పుకోవాల్సిందే. ఆ రోజుల్లో కొత్త సినిమాకైనా హాలు మొత్తం దక్కడం తక్కువ. మాట్నీ, ఫస్ట్ షో, సెకండ్ షో దానివి. పొద్దున పదకొండింటి ఆట వేరే బొమ్మది. ఆ వేరే బొమ్మ పాత రామారావు పౌరాణికం కావచ్చు, మలయాళం డబ్బింగ్ కావచ్చు, కరాటే సినిమానో, కిందటేడు ఆడిపోయిన హిందీ సినిమానో కావచ్చు. అదే తెర, అవే బల్లలు. పూటకో లోకం. నాలుగాటలూ ఒక్క సినిమాయే ఆడుతోందంటే పొద్దుటి అద్దెదారుణ్ణి కూడా వెళ్ళగొట్టిందన్నమాట. అందుకే అంత లావు అక్షరాలు.

ఆ పూటకో లోకం ఎలా ఉండేదో చూడాలంటే సికింద్రాబాద్ వెళ్దాం. హైదరాబాద్‌కు ఉత్తరాన ఉన్న అలియాబాద్ చౌరస్తా నుంచి కరీంనగర్ రోడ్డు మీద దక్షిణానికి బస్సెక్కితే శామీర్‌పేట, తూంకుంట, హకీంపేట, అల్వాల్, తిరుమలగిరి, కార్ఖానా దాటి ప్యారడైజ్ దగ్గర దిగుతాం. (పాతబస్తీ శాలిబండ పక్కన ఇంకో అలియాబాద్ ఉంది, నేను చెప్పేది అది కాదు.) ఈ రోడ్డు చివర సికింద్రాబాద్‌లో ఒకప్పుడు ఎన్ని రకాల బొమ్మలు ఆడేవో! కంటోన్మెంటు ఊరు కాబట్టి ఇంగ్లీషు సినిమాకు జనం కరువు లేదు. ప్లాజా, తివోలీ ఉండేవి. ఇంగ్లీషు బొమ్మంటే సంగీత్ అన్న పేరుండేది, ఇప్పుడా హాలే లేదు. ఆ మాటకొస్తే ప్యారడైజ్ కూడా సినిమా హాలే. 1953లో ఆ హాలు క్యాంటీనుగా మొదలైన చిన్న కేఫ్ ఇవాళ దేశమంతా బిర్యానీ అమ్ముతోంది. హాలు పోయి బిర్యానీ మిగిలింది. బస్ కండక్టరు 'ప్యారడైజ్' అని అరిస్తే ఎవరికైనా సినిమా గుర్తొస్తుందా?

ఒకే చోట రకరకాల బొమ్మలు చూపించడం తెలుగువాళ్ళకు మొదటినుంచీ ఉన్న అలవాటే. మచిలీపట్నంలో పుట్టి మద్రాసులో ఫోటో స్టూడియో నడిపిన రఘుపతి వెంకయ్యనాయుడు 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే యంత్రం కొన్నాడు. గ్రామఫోన్ రికార్డు పాడుతుంటే దానికి జతగా తెర మీద బొమ్మ కదిలేది. చిన్నచిన్న బొమ్మలన్నీ కలిపి ఒక ఆట. ఆ పెట్టె వెంటేసుకుని దక్షిణాది ఊళ్ళు, బర్మా, సిలోను తిరిగి వచ్చి మద్రాసులో గెయిటీ హాలు కట్టాడు. విజయవాడలో మారుతి హాలు లేచింది 1921లో. మూకీల కాలంలో తెర పక్కన ఒక మనిషి నిలబడి కథ చెప్పేవాడు. ఎదుట కూర్చున్నవాళ్ళ భాషే ఆ పూట సినిమా భాష.

మాట వచ్చాక కూడా ఈ కలగాపులగం వెంటనే వదల్లేదు. 1931 అక్టోబరు 31న మద్రాసులో విడుదలైన 'కాళిదాస్'లో నాయిక తమిళంలో మాట్లాడుతుంటే నాయకుడు తెలుగులో జవాబిస్తాడు. గుడి పూజారి వేషం వేసిన ఎల్.వి.ప్రసాద్‌ది హిందీ. అసలు సినిమాకు ముందు పాటల, నాట్యాల చిన్న రీళ్ళు కూడా వేశారు. తొలి హిందీ టాకీ 'ఆలం ఆరా', ఈ 'కాళిదాస్', తర్వాత తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద', మూడింటిలోనూ ఉన్నాడు ప్రసాద్. బొంబాయిలో డ్రీమ్‌లాండ్ అనే హాలు గేటు దగ్గర టికెట్లు చింపిన మనిషి. 2003లో హైదరాబాద్‌లో నెక్లెస్ రోడ్డు పక్కన ఆయన కుటుంబం ఐమాక్స్ కట్టింది.

టాకీలు వచ్చాక ముప్పై ఏళ్ళు గబగబా దాటేస్తాను. డేరా టాకీసులు, నేల టికెట్టు, బెంచీ, కుర్చీ, ఆట మొదలవబోతుందనడానికి గుర్తుగా మైకులో ఘంటసాల వెంకటేశ్వరుడి పాట, ఒకే ప్రొజెక్టరు కాబట్టి రీలు మార్చినప్పుడల్లా ఓ విరామం. వీటి గురించి చాలామంది రాశారు. నా మనసంతా పక్కా హాళ్ళ మార్నింగ్ షో మీదే ఉంది.

ముందు లెక్క చూద్దాం. 35 ఎం.ఎం. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు పరిగెడుతుంది. 16,000 అడుగుల తెలుగు సినిమా అంటే మూడు గంటలకు రెండు నిమిషాలు తక్కువ. దాని మీద ఇంటర్వెల్, ఫిలిమ్స్ డివిజన్ వారి న్యూస్ రీలు. 1948లో ఆ సంస్థ పెట్టిన దగ్గర్నుంచి దశాబ్దాల పాటు ప్రతి ఆటకు ముందూ వరదలు, డ్యాములు, ప్రధానమంత్రి రిబ్బను కత్తిరించడం చూడక తప్పలేదు. ఆలస్యంగా వచ్చేవాళ్ళకు అది వరం, సీటు వెతుక్కునేసరికి టైటిల్స్ పడేవి. ఇవన్నీ పోను, రెండున్నరకు మాట్నీ మొదలుపెట్టాలంటే పదకొండింటికి వేసే బొమ్మ పొట్టిగా ఉంటేనే హాలువాడికి సుఖం. ఇంగ్లీషు సినిమా 9,000 అడుగులు, గంటా నలభై నిమిషాల్లో ముగిసిపోతుంది. ఊడ్చుకోవడానికి, పోస్టరు మీద చీటీ అంటించుకోవడానికి సమయం మిగులుతుంది. ఇంగ్లీషు బొమ్మకు పొద్దుటి ఆట కలిసొచ్చిందంటే కొంత పుణ్యం ఈ అడుగుల లెక్కదే.

రెండోది డబ్బు. కొత్త బొమ్మ సాధారణంగా పర్సంటేజీ మీద వచ్చేది, వసూళ్ళలో డిస్ట్రిబ్యూటరు వాటా డిస్ట్రిబ్యూటరుది. పొద్దుటి పాత ప్రింటు చవక అద్దెకు దొరికేది. నిండితే హాలు యజమానికి లాభం, నిండకపోతే పోయేది కాస్తే. అంచేత అతను ధైర్యంగా ఏదైనా వేసి చూసేవాడు. చూసేవాళ్ళు ఎవరంటారా? కాలేజీ ఎగ్గొట్టిన కుర్రాళ్ళు, ఊళ్ళ నుంచి పని మీద వచ్చి రాత్రి బస్సు దాకా కాలక్షేపం లేనివాళ్ళు, హైదరాబాద్ ఉత్తరపు దిక్కున బాలానగర్ ఐడీపీఎల్, హెచ్‌ఎంటీ లాంటి కార్ఖానాల్లో రాత్రి షిఫ్టు దిగినవాళ్ళు. కునుకు తీయడానికి వచ్చి జపాన్ దర్శకుడు కురొసావా సినిమా చూసినవాడు ఒక్కడైనా ఉండే ఉంటాడని నా నమ్మకం.

ఆపరేటరు గదిలోకి ఒకసారి తొంగి చూద్దాం. మూల తగరపు డబ్బాలు రెండు వరసలు. ఒకటి పొద్దుటి బొమ్మ, ఒకటి అసలు బొమ్మ. రెండు ప్రొజెక్టర్లలో కార్బన్ కడ్డీలు కాలుతుంటాయి. తెర కుడి పైమూల చుక్క పడగానే రెండో మెషీను అందుకోవాలి, అందుకోకపోతే కింద ఈలలు. ఒకే ప్రింటు రెండు హాళ్ళకు పంచినప్పుడు మొదటి హాలులో ఆట ముందుగా మొదలయ్యేది. అయిన రీళ్ళు సైకిలుకు కట్టి రెండో హాలుకు పరిగెత్తించేవారు. సైకిలు పంక్చరయితే ఊరంతా ఇంటర్వెల్.

ఈ పొద్దుటి ఆటకో వంకర ప్రయోజనం కూడా ఉండేది. యాభై రోజులకు ఊపిరి అయిపోయిన కొత్త బొమ్మను తీసేయకుండా చిన్న హాలులో పొద్దుటి ఆటకి మార్చి, రోజుకు ఒక్క ఆటతో ఈడ్చుకొచ్చి 'శతదినోత్సవం' పోస్టరు వేసేవారు. అభిమానుల మధ్య 'డైరెక్టు వంద రోజులా, షిఫ్టింగా' అని టీ కొట్టు దగ్గర తగాదా. నన్నడిగితే ఆ మోసం కూడా ముద్దే. సినిమా ఊళ్ళో వంద రోజులు ఉండటమంటే, ఇవాళ కుదరనివాడు వచ్చే నెలలో చూడవచ్చన్నమాట. 1980 ఫిబ్రవరి 2న 'శంకరాభరణం' విడుదలైన తొలిరోజుల్లో హాళ్ళు నిండలేదు. నోటి మాటగా పాకాకే జనం కట్టలు తెంచుకుని వచ్చారు. బాలచందర్ 'మరోచరిత్ర' 1978లో విడుదలై తెలుగులోనే మద్రాసు సఫైర్‌లో ఏడాదిన్నరకు పైగా, బెంగళూరు కల్పనలో దాదాపు రెండేళ్ళు ఆడింది. పక్క భాషవాళ్ళ హాలులో మన బొమ్మకూ చోటుండేది. ఇప్పుడు శుక్రవారం వచ్చినదానికి సోమవారమే కర్మకాండ.

చెడింది ఎక్కడ? 1980లలో స్లాబ్ పన్ను వచ్చింది. హాలు నిండినా ఖాళీగా ఉన్నా హాలు సైజును బట్టి పన్ను ఒకటే. అప్పట్నించీ ఖచ్చితంగా నిండే బొమ్మ తప్ప వేరేది వేయాలంటే యజమాని చెయ్యి వణికి ఉంటుందని నా అనుమానం. తర్వాత టీవీ, వీడియో క్యాసెట్టు. ఆఖరికి వందల హాళ్ళలో ఒకే రోజు ఒకే బొమ్మ దించి మూడు రోజుల్లో డబ్బు దండుకునే పద్ధతి. నాలుగాటలు చాలక ప్రభుత్వం దగ్గర ఐదో ఆటకు అనుమతి తెచ్చుకోవడం మామూలైంది. 2024 డిసెంబరు 4 రాత్రి ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో 'పుష్ప 2' ప్రీమియర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది. ఇక బెనిఫిట్ షోలు ఉండవని ఆ తర్వాత ప్రభుత్వం చెప్పింది.

పిల్లలకూ ఒకటి పోయింది. అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవానికి హైదరాబాద్ శాశ్వత వేదికగా ఉండేది. రెండేళ్ళకోసారి నవంబరులో వారం రోజులు, సర్కారు బడి పిల్లలు బస్సుల్లో వచ్చి మామూలు సినిమా హాళ్ళలో ఏ దేశానివో తెలియని బొమ్మలు చూసి చప్పట్లు కొట్టేవారు. 20వ ఉత్సవం 2017లో జరిగింది. ఆ తర్వాత ఇక్కడ మళ్ళీ జరగలేదు. నడిపిన బాలల చిత్ర సమితిని 2022లో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ)లో కలిపేశారు.

వింతేమిటంటే, రకరకాల బొమ్మలు వేయడం ఇవాళ ఉన్నంత తేలిక ఎప్పుడూ లేదు. 2005 ప్రాంతంలో యూఎఫ్‌ఓ, క్యూబ్ లాంటి డిజిటల్ పద్ధతులు వచ్చాక డబ్బాలు, సైకిళ్ళు పోయాయి. సర్వర్‌లో ఐదు బొమ్మలున్నా గది మూల ఖాళీయే. 2022 ఆగస్టు 9న మహేశ్ పుట్టినరోజుకు 'పోకిరి'ని మళ్ళీ వేస్తే జనం విరగబడ్డారు. పాత బొమ్మకు జనం రారన్న మాట అక్కడే తేలిపోయింది. అయితే హీరో పుట్టినరోజుకే ఎందుకు, మామూలు మంగళవారం ఎందుకు కాకూడదు?

కొంపల్లిలోనో అల్వాల్‌లోనో మీరు వెళ్ళే హాలు మేనేజరు కనబడితే ఒక మాట అడగండి: వారానికి ఒక్క రోజు పదకొండింటి ఆట వేరే బొమ్మకు వదలమని. ఎలాగూ ఆ వేళ సగం సీట్లు ఖాళీగానే ఉంటున్నాయి.