యాంత్రిక టెలివిజన్

యాంత్రిక టెలివిజన్ అనగా తిరిగే చక్రాల సాయంతో దృశ్యాన్ని గీతలుగా విభజించి, విద్యుత్ సంకేతాలుగా పంపి, మరొకచోట తిరిగి దృశ్యంగా చూపే తొలితరం టెలివిజన్ విధానం. ఇది 1920వ దశకం మధ్యలో ఆచరణలోకి వచ్చి, 1930వ దశకం చివరికల్లా ఎలక్ట్రానిక్ టెలివిజన్‌కు తన స్థానాన్ని విడిచిపెట్టింది. టెలివిజన్‌ను జాన్ లోగీ బెయిర్డ్ కనుగొన్నాడని సాధారణంగా చెబుతారు. అయితే ఆయన తొలుత ప్రదర్శించిన విధానమూ, తరువాత ఇంటింటికీ చేరిన టెలివిజనూ ఒకటి కావు.

నిప్కో చక్రం

జర్మనీకి చెందిన పాల్ నిప్కో విద్యార్థి దశలోనే, 1884లో, ఈ చక్రానికి పేటెంటు కోరాడు. చక్రంపై చిన్న రంధ్రాలు సర్పిలాకారంలో అమరి ఉంటాయి. చక్రం తిరిగేటప్పుడు ఒక్కొక్క రంధ్రం దృశ్యంపై ఒక్కొక్క గీత వెంబడి సాగుతుంది. ఒక చుట్టుతో దృశ్యమంతా పూర్తవుతుంది. రంధ్రం గుండా వచ్చిన కాంతిని కాంతివిద్యుత్ ఘటం విద్యుత్తుగా మారుస్తుంది. గ్రాహకంలో అదే వేగంతో తిరిగే మరొక చక్రం వెనుక, నియాన్ దీపం ఆ విద్యుత్తుకు అనుగుణంగా హెచ్చుతగ్గులతో వెలిగి బొమ్మను చూపుతుంది. నిప్కో కాలంలో బలహీనమైన సంకేతాలను పెంచే సాధనం లేనందున ఈ ఆలోచన అప్పట్లో ఫలించలేదు.

బెయిర్డ్ ప్రయోగాలు

స్కాట్లండ్‌కు చెందిన బెయిర్డ్ (1888-1946) 1925 అక్టోబరులో లండన్‌లో ఒక బొమ్మ తలను, ఆ వెంటనే ఒక యువకుని ముఖాన్ని తెరపై స్పష్టంగా చూడగలిగాడు. 1926 జనవరి 26న రాయల్ ఇన్‌స్టిట్యూషన్ సభ్యుల ఎదుట తన యంత్రాన్ని ప్రదర్శించాడు. ఆయన బొమ్మలో 30 గీతలే ఉండేవి. 1929లో బీబీసీ ప్రసారిణి ద్వారా ప్రయోగాత్మక ప్రసారాలు మొదలయ్యాయి.

ప్రధాన లోపం

బొమ్మ స్పష్టంగా ఉండాలంటే గీతలు పెరగాలి. అదే పరిమాణం గల బొమ్మలో గీతలను రెట్టింపు చేస్తే, రంధ్రం వ్యాసం సగమై, దానిగుండా వచ్చే కాంతి నాలుగో వంతుకు పడిపోతుంది. అనగా స్పష్టత పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది. ఎలక్ట్రానిక్ కెమెరాలో ఈ ఇబ్బంది లేదు. అందులోని కాంతి గ్రహించే పలక దృశ్యపు వెలుగును విద్యుదావేశంగా నిలువ చేసుకుంటుంది. ఎలక్ట్రాన్ పుంజం ఆ పలకను గీతలుగా చదువుతుంది. చిత్రాన్ని పంపడానికీ, గ్రహించడానికీ కేథోడ్ కిరణ నాళికలను వాడవచ్చునని ఎ.ఎ. కాంప్‌బెల్ స్వింటన్ 1908లోనే సూచించాడు.

1936 పోటీ

1936 నవంబరు 2న లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్ నుండి బీబీసీ నిత్య ప్రసారాలు ప్రారంభించింది. బెయిర్డ్ సంస్థ 240 గీతల విధానాన్ని, మార్కోనీ-ఇ.ఎం.ఐ. సంస్థ 405 గీతల ఎలక్ట్రానిక్ విధానాన్ని వంతులవారీగా వాడి చూశారు. బెయిర్డ్ పద్ధతులలో ఒకదానిలో దృశ్యాన్ని ముందు ఫిల్ముపై తీసి, అప్పటికప్పుడు రసాయనాలలో కడిగి పంపేవారు. అందువల్ల ఆ కెమెరాను కదపడానికి వీలయ్యేది కాదు, ప్రసారమూ ఆలస్యమయ్యేది. నవంబరు 30న క్రిస్టల్ ప్యాలెస్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో బెయిర్డ్ సంస్థ ప్రయోగశాలలు చాలావరకు కాలిపోయాయి. 1937 ఆరంభంలో బీబీసీ 405 గీతల విధానాన్నే ఖాయం చేసుకుంది.

ప్రాముఖ్యత

చక్రం కనుమరుగైనా, దృశ్యాన్ని గీతలుగా విడదీసి వరుసగా పంపాలన్న సూత్రం ఎలక్ట్రానిక్ టెలివిజన్‌లోనూ కొనసాగింది. దూరదర్శనం సాధ్యమేనని ప్రజలకు కళ్ళారా చూపిన ఘనత మాత్రం యాంత్రిక టెలివిజన్‌దే.