థ్రెట్ ఫిల్లింగ్ స్టేషన్
థ్రెట్ ఫిల్లింగ్ స్టేషన్ అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో, లూథర్ పట్టణ సమీపాన 66వ నంబరు రహదారి పక్కనున్న చారిత్రక పెట్రోలు బంకు. జాతి వేర్పాటు చట్టాల కాలంలో ఆ రహదారిపై నల్లజాతీయుల యాజమాన్యంలో నడిచిన బంకు ఇదొక్కటేనని భావిస్తారు.

1907లో రాష్ట్రంగా ఏర్పడిన ఓక్లహోమా శాసనసభ చేసిన మొదటి చట్టమే రైళ్లలో, ప్రయాణికుల విశ్రాంతి గదుల్లో నల్లవారిని వేరుచేసింది. ఆ పరిస్థితుల్లోనే నల్లజాతీయుడైన అలెన్ థ్రెట్ సీనియర్ సుమారు 1915లో తమ 150 ఎకరాల కుటుంబ భూమిలో ఈ కట్టడం నిర్మించాడు. గోడల ఇసుకరాయి సొంత క్వారీదే. 1926లో షికాగో, లాస్ ఏంజెలిస్‌లను కలుపుతూ 66వ రహదారి ఏర్పడింది.

ఆనాడు చాలా బంకుల్లో నల్ల ప్రయాణికులకు మరుగుదొడ్డి, కొన్నిచోట్ల పెట్రోలు కూడా దొరికేవి కావు. చీకటిపడేలోగా నల్లవారు వెళ్లిపోవాలని శాసించిన పట్టణాలు దారిపొడవునా ఉండేవి. అందుకే హార్లెమ్‌వాసి అయిన తపాలా ఉద్యోగి విక్టర్ హ్యూగో గ్రీన్ 1936 నుంచి సురక్షిత మజిలీలు తెలిపే ‘గ్రీన్ బుక్’ ప్రచురించాడు. అలాంటి దారిలో థ్రెట్ బంకు ఇంధనంతోపాటు నిర్భయంగా ఆగే చోటునూ ఇచ్చింది; దాని అసలు ప్రాముఖ్యం ఇదే.

బహిరంగ స్థలాల్లో జాతి వివక్షను 1964 పౌరహక్కుల చట్టం నిషేధించింది.

బంకు 1995లో అమెరికా జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేరింది. 2021లో అక్కడి జాతీయ పరిరక్షణ ట్రస్టు దీన్ని ముప్పులో ఉన్న 11 స్థలాల్లో ఒకటిగా ప్రకటించింది.