మూరెడు ఫిల్ములో ఒక్క సెకను

మొన్న టీవీలో రంగుల బొమ్మలతో ఏదో పాట వస్తుంటే మా అమ్మాయి, "అమ్మా, కెమెరా లేకుండా ఇలాంటిది చెయ్యొచ్చా?" అని అడిగింది. చేశారండీ, అదీ మన లండన్‌లోనే, 1935లో.

లెన్ లై న్యూజిలాండ్‌లో పుట్టిన చిత్రకారుడు. 1926లో ఇక్కడికి వచ్చాడు. ఒక్కో బొమ్మా గీసి, ఫొటో తీసి, 'తుసలావా' అనే చిన్న చిత్రం పూర్తి చేసేసరికి రెండేళ్లు పట్టింది. చేతిలో డబ్బు లేదు. నేరుగా ఫిల్ము మీదే రంగులు వేస్తే కెమెరా ఖర్చే ఉండదు కదా అనుకున్నాడు. అప్పట్లో బ్రిటిష్ పోస్టాఫీసుకు సొంత సినిమా విభాగం ఉండేది. దాని పెద్ద జాన్ గ్రియర్సన్ సరేనన్నాడు. అలా వచ్చింది 'ఏ కలర్ బాక్స్'. నాలుగు నిమిషాలకు అటూ ఇటూగా, క్యూబన్ బ్యాండు వాయించిన హుషారైన సంగీతానికి రంగులు ఆడతాయి. చివర్లో మాత్రం పార్సెల్ రేట్లు తగ్గాయన్న ప్రకటన!

ఇప్పుడొక లెక్క. 35 ఎం.ఎం. ఫిల్ములో సెకనుకు 24 ఫ్రేములు, పొడవు 18 అంగుళాలు. అంటే సరిగ్గా మూరెడు. మనం మల్లెపూలు కొనే మూరే! నాలుగు నిమిషాలకు 240 మూరలు.

మా అమ్మాయి మూరెడు కాగితం పట్టీ మీద 24 గళ్లు గీసి, గడికో పువ్వు వెయ్యడం మొదలెట్టింది. తొమ్మిదో పువ్వుకే చేతులెత్తేసింది. లై చాలాచోట్ల గళ్లను పట్టించుకోలేదు. చీర అంచులా పొడవునా గీతలు లాగాడు, తడి రంగు మీద దువ్వెన నడిపాడు. ముక్కలు చెయ్యడం ప్రొజెక్టరు పని.

సంగీతాన్ని బొమ్మతో కలిపినవాడు జాక్ ఎల్లిట్. దరువు ఏ మూరలో పడుతుందో తేలకపోతే ఎంత రంగు పూసి ఏం లాభం? లై పేరు తలిచినంతగా ఈయన పేరు ఎవరూ తలవరు. నాకది అన్యాయంగానే తోస్తుంది.

ఇదే తొలి మ్యూజిక్ వీడియో అంటారు కొందరు. నేననను. అంతకుముందే జర్మనీలో ఆస్కార్ ఫిషింగర్ గ్రామఫోన్ రికార్డులకు తగ్గట్టు బొగ్గుతో బొమ్మలు వేశాడు. బ్రస్సెల్స్ చిత్రోత్సవంలో మాత్రం దీన్ని ఏ విభాగంలో చేర్చాలో తెలియక, కొత్త విభాగం పెట్టి మరీ పతకం ఇచ్చారు.

మా అమ్మాయి ఆ కాగితం పట్టీ పారెయ్యలేదు. వెనక్కి తిప్పి, ఈ కొస నుంచి ఆ కొసకి ఎర్ర గీత లాగింది. సెలవు.