ఇంటిపేరు చెప్పని చరిత్ర

"ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు" అన్నది మన సామెత. ఇంటిపేరును బట్టి ఇంటిని అంచనా వేయరాదని సామాన్య ప్రజలు ఏనాడో తేల్చేశారు. చదువుకున్నవాళ్లే ఇంకా ఆ అలవాటు మానలేదు. ఒకే ఇంటిపేరుతో ఎంతమంది ప్రముఖులున్నారో ఏరి, జాబితా కట్టి, చివరకు "ఆ వంశంలోనే ఏదో ఉంది" అని ముక్తాయించే వ్యాసాలూ, సన్మాన సంచికలూ మనకు కొత్త కావు. వినడానికి నిరపాయమైన మాటే. కాని ప్రతిభ రక్తంలో ఉన్నదని ఒప్పుకుంటే, ప్రతిభ లేకపోవడం కూడా రక్తంలోనే ఉన్నదని ఒప్పుకోవలసి వస్తుంది. వర్ణవ్యవస్థను వందల ఏళ్లు నిలబెట్టిన వాదం సరిగ్గా ఇదే.

అలాగని ఆ జాబితాలను అవతల పారేయనక్కర లేదు. చదవవలసిన తీరులో చదివితే అవి వంశం గురించి కాక సమాజం గురించి చెబుతాయి. అందుకు పింగళి అనే ఇంటిపేరును ఉదాహరణగా తీసుకుందాం. ప్రబంధకవి సూరన, జాతీయ పతాక రూపకర్త వెంకయ్య, ఆచార్యుడు లక్ష్మీకాంతం, సినిమా రచయిత నాగేంద్రరావు – నలుగురూ పింగళివారే. నలుగురి రంగాలూ వేరు. ఈ నలుగురినీ కలిపింది ఏది, విడదీసింది ఏది అన్నదే ఇక్కడ ప్రశ్న.

ముందు ఇంటిపేర్ల సంగతి కొంచెం చెప్పుకోవాలి. తెలుగువారి ఇంటిపేర్లలో ఊళ్ల పేర్లు చాలా ఉన్నాయి. కందుకూరి, కట్టమంచి అలాంటివే. పనిని బట్టి, పనిముట్టును బట్టి వచ్చినవీ ఉన్నాయి. ధర్మారావుగారి 'తాపీ' ఇల్లు కట్టేవాడి చేతి పనిముట్టు. భీమన్నగారి 'బోయి' పల్లకీ మోసేవాడి పేరు. అంటే ఇంటిపేరు మొదట వంశప్రతిష్ఠకు గుర్తు కాదు. మనిషి ఏ ఊరివాడో, ఏ పని చేసేవాడో చెప్పే గుర్తు. ఒక ఊరి నుంచి బయలుదేరిన నాలుగు కుటుంబాలకు ఒకే ఇంటిపేరు రావచ్చు. కనుక ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన రక్తం ఒకటి కాదు. కాలక్రమంలో అదే గుర్తు కులాన్ని పోల్చుకొనే సాధనమైంది. కొత్త మనిషి కనిపించగానే "మీ ఇంటిపేరు?" అని అడగడంలో అసలు ప్రశ్న ఏమిటో మనందరికీ తెలుసు.

ఇక సూరన. ఆయన 16వ శతాబ్దపు కవి. ఆయన కావ్యాల అంకితాలను చూస్తే ఆనాటి సాహిత్య వ్యవస్థ కళ్లకు కడుతుంది. 'రాఘవపాండవీయం' ఆకువీటి పెదవేంకటాద్రి ప్రేరణతో విరూపాక్షస్వామికి అంకితమైంది. 'కళాపూర్ణోదయం' నంద్యాల ప్రభువు కృష్ణమరాజుకు అంకితం. 'ప్రభావతీ ప్రద్యుమ్నం' కన్నతండ్రి అమరనకు అంకితం. ఒకరు దేవుడు, ఒకరు రాజు, ఒకరు తండ్రి. భూస్వామ్య సమాజంలో కవి తల వంచవలసిన మూడు స్థానాలూ ఇవే. కృతి వెలుగు చూడాలంటే కృతిపతి కావాలి. కృతిపతి దొరికితే అవతారికలో ఆయన వంశాన్ని వర్ణించాలి. అవతారిక ఒక విధంగా కృతిపతి ఇంటిపేరుకు కవి చెల్లించే పన్ను.

కాని ఆ చట్రంలోనే సూరన కొత్తదనం చూపాడు. పురాణకథను పెంచి ప్రబంధం చేసే కాలంలో, 'కళాపూర్ణోదయం' కోసం కథను తానే కల్పించుకున్నాడు. అందులో సుగాత్రీ శాలీనుల వృత్తాంతం ఉంది. నగలన్నీ పెట్టుకొని ఎదుట నిలిచిన భార్య మీద శాలీనుడికి మనసు పోదు. నగలు తీసి తోటలో తనతోపాటు పని చేస్తున్నప్పుడు ఆమె మీద అనురాగం పుడుతుంది. రాజుకు అంకితమిచ్చిన కావ్యంలో పనిచేసే శరీరానికి ఈ గౌరవం దక్కడం చిన్న విషయం కాదు. 1914లో వెలువడిన 'కవిత్వతత్త్వవిచారము'లో కట్టమంచి రామలింగారెడ్డిగారు ఈ కావ్యాన్ని తీసుకొనే కొత్త విమర్శకు దారి వేశారు. అంతేగాని సూరన పింగళివాడు కావడం వల్ల కాదు.

సూరన నుంచి మిగిలిన ముగ్గురి దగ్గరకు రావాలంటే మూడు శతాబ్దాలు దాటాలి. ఈలోగా సంస్థానాలు కూలాయి, కుంపిణీ వచ్చింది, అచ్చుయంత్రం వచ్చింది, ఇంగ్లీషు చదువు వచ్చింది. కవికి రాజు లేకుండా పోయాడు. అతని స్థానంలో పత్రిక, పాఠశాల, నాటక సమాజం వచ్చాయి. ఈ మూడూ ఒకచోట బలంగా ఎదిగిన పట్టణం బందరు. నోబుల్ దొర పాఠశాల అక్కడ 1843లోనే వెలిసింది. 1902లో 'కృష్ణాపత్రిక' మొదలైంది. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగార్ల కృషితో ఆంధ్ర జాతీయ కళాశాల ఏర్పడింది.

పింగళి వెంకయ్య 1876లో బందరు దగ్గరి భట్లపెనుమర్రులో పుట్టారు. పందొమ్మిదో ఏటికే బ్రిటిషు సైన్యంలో చేరి దక్షిణాఫ్రికా వెళ్లారు. పత్తి మీద పరిశోధన చేసి 'పత్తి వెంకయ్య', జపాను భాష నేర్చి 'జపాన్ వెంకయ్య' అయ్యారు. జనం ఆయనకు పెట్టిన పేర్లన్నీ పనిని బట్టి వచ్చినవే కావడం గమనార్హం. 1916లో జాతీయ పతాకం కోసం 30 నమూనాలతో ఒక పుస్తకం ప్రచురించారు. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాల సందర్భంగా ఎరుపు, ఆకుపచ్చ రంగుల జెండాను గాంధీజీకి అందించారు. రాట్నం ఆలోచన జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్‌ది. తెలుపు గాంధీజీ చేర్పించారు. 1931లో కాంగ్రెసు కాషాయ, తెలుపు, ఆకుపచ్చ రంగుల జెండాను ఆమోదించింది. 1947 జూలై 22న రాజ్యాంగ సభ రాట్నం స్థానంలో అశోకచక్రాన్ని ఉంచింది. జెండా ఒక్కరి సొత్తు కాదు; ఒక ఉద్యమం అంచెలంచెలుగా తయారు చేసుకున్నది. అందులో వెంకయ్యగారి పాలు తగ్గించేది కాదు. ఆయన 1963లో పేదరికంలో కన్నుమూశారు.

ఇక్కడ ఒక చిన్న విషయం. 1921 ఏప్రిల్‌లో 'యంగ్ ఇండియా'లో గాంధీజీ ఈయన కృషిని ప్రస్తావించినప్పుడు ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా మిగిలింది. మచిలీపట్నం జాతీయ కళాశాల పేరు మాత్రం పూర్తిగా నిలిచింది. వెంకయ్యగారిని దేశానికి పరిచయం చేసింది ఆయన ఇల్లు కాదు, ఆయన పనిచేసిన సంస్థ.

మూడోవారు పింగళి లక్ష్మీకాంతంగారు (1894–1972). చెళ్లపిళ్ల వెంకటశాస్త్రిగారి శిష్యులు. సహాధ్యాయి కాటూరి వెంకటేశ్వరరావుగారితో కలిసి జంటకవిత్వం చెప్పారు. 'తొలకరి', 'సౌందరనందము' ఆ జంట రచనలే. లోకం వారిని 'పింగళి కాటూరి కవులు' అన్నది. రెండు ఇంటిపేర్లు కలిసి ఒక కవి పేరైన సందర్భమిది. కవిత్వంలో స్నేహం వంశం కన్నా దగ్గరి బంధువని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు. తర్వాత ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులయ్యారు. ఆయన 'ఆంధ్ర సాహిత్య చరిత్ర' చదవని తెలుగు ఎం.ఏ. విద్యార్థి అరుదు. సూరనకు కృతిపతి ఇచ్చినదాన్ని లక్ష్మీకాంతంగారికి నెల జీతం ఇచ్చింది. విశ్వవిద్యాలయ ఆచార్యుడికి వంశవర్ణన చేయవలసిన పని లేదు. దానికి మారుగా పాఠ్యప్రణాళిక అనే కొత్త ప్రభువు వచ్చాడు. ఏది సాహిత్యమో, ఎవరు కవులో నిర్ణయించే అధికారం ఆ ప్రభువుది.

నాలుగోవారు పింగళి నాగేంద్రరావుగారు (1901–1971). బందరు జాతీయ కళాశాలలోనే చదువుకున్నారు. ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగం చేశారు. నాటకాలు రాశారు. ఆయన 'వింధ్యరాణి' రంగస్థలం నుంచి 1948లో తెరకెక్కింది. ఆ తర్వాత 'గుణసుందరి కథ' (1949), 'పాతాళభైరవి' (1951), 'మాయాబజార్' (1957). ఆయన పోషకులు ఇద్దరు: పెట్టుబడి పెట్టిన స్టూడియో ఒకరు, అణాలు లెక్కపెట్టి టిక్కెట్టు కొన్న ప్రేక్షకుడు మరొకరు. ఈ రెండోవాడు సూరనకు లేడు. అక్షరం రాని రిక్షావాడు కూడా తీర్పు చెప్పగల సాహిత్యమది. ఆయన పుట్టించిన 'వీరతాడు', 'తసమదీయులు' నిఘంటువుకు ఎక్కకముందే నోళ్లకు ఎక్కాయి. పండితులు చాలాకాలం ఈ మనిషిని సాహిత్య చరిత్ర గడప తొక్కనివ్వలేదు. ప్రజలు మాత్రం మరిచిపోలేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఈ నలుగురిలో ముగ్గురిని కలిపింది ఇంటిపేరా, కృష్ణాతీరపు జాతీయోద్యమ వాతావరణమా? ఇంటిపేరును పక్కనపెట్టి బందరు పేరుతో జాబితా కడితే వెంకయ్య, నాగేంద్రరావుగార్ల పక్కన ముట్నూరి, కోపల్లె, భోగరాజువారు వచ్చి నిలబడతారు. చెళ్లపిళ్లవారి శిష్యుల పేరుతో కడితే లక్ష్మీకాంతం, కాటూరిగార్ల పక్కన విశ్వనాథ సత్యనారాయణగారు వస్తారు. ఈ జాబితాలు ఎక్కువ చెబుతాయి. ఎందుకంటే బడి, పత్రిక, ఉద్యమం మనిషిని తయారు చేస్తాయి. ఇంటిపేరు తయారైన మనిషికి చీటీ మాత్రం అంటిస్తుంది. అయితే ఈ జాబితాల్లోనూ బందరు చేనేతవాడు లేడు, కలంకారీ అద్దకంవాడు లేడు, సముద్రం మీద బతికిన పల్లెకారు లేడు. బడి గడప అందరికీ ఒకే ఎత్తులో లేదు. నలుగురికీ చదువు అందినట్టే ఆ వీధుల్లోని వారికీ అంది ఉంటే మన జాబితా ఇంత పొట్టిగా ఉండేది కాదు.

ఇంటిపేరు చేసే మరో అన్యాయం ఉంది. సంబంధం లేనివారిని కలపడమే కాదు, తోబుట్టువులను విడదీస్తుంది కూడా. చరిత్రకారుడు కొమర్రాజు లక్ష్మణరావుగారు (1877–1923) అందరికీ తెలుసు. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసిన భండారు అచ్చమాంబగారు (1874–1905) ఆయన సొంత అక్క. పెళ్లితో ఆమె కొమర్రాజువారి జాబితా నుంచి జారిపోయింది. ఒకే ఇంట్లో పుట్టి, ఇద్దరూ చరిత్ర రచనకే పూనుకున్నా, ఇంటిపేరు ఆ సంబంధాన్ని కప్పేసింది. ప్రముఖుల జాబితాల్లో స్త్రీలు కనిపించకపోవడానికి ఇది ఒక్కటే కారణం కాకపోయినా, ఇదీ ఒక కారణం. చిట్టగాంగ్ విప్లవ వనితల మీద పుస్తకం రాసి 2016లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం అందుకున్న చైతన్య కూడా పింగళివారే. ప్రముఖులైన పింగళివారిలో ఆడవారి పేరు చెప్పుకోవడానికి సూరన కాలం నుంచి ఇంతదూరం రావలసి వచ్చింది.

సాహిత్య విద్యార్థులకు మనవి ఒకటే. ఒక రచయితను చదివేటప్పుడు ఆయన ఏ వంశంవాడని అడగడం మానండి. పుస్తకం ఎవరికి అంకితమైందో చూడండి. ఎవరు అచ్చు వేశారో, ఏ బడి చదువు చెప్పిందో, అన్నం ఏ పని వల్ల దొరికిందో, ఎవరు చదివారో, ఎవరు చదవలేకపోయారో అడగండి. సూరన అంకితాలకూ నాగేంద్రరావుగారి టిక్కెట్టుకూ మధ్య నడిచినది నాలుగు శతాబ్దాల తెలుగు సమాజ చరిత్ర. ఒకే ఇంటిపేరు కింద అది దాగి ఉంది. దాన్ని బయటికి తీయడం విమర్శకుడి పని.