కంద వేరు, కందగడ్డ వేరు

కొన్నేళ్ళ క్రిందట శివరాత్రికి ముందు మా వియ్యపురాలు ఫోనులో ఒక పాయసం చేసే విధానం చెప్పగా, మా ఆవిడ శ్రద్ధగా నోటుపుస్తకంలో వ్రాసుకున్నది. వారిది కరీంనగరం, మాది పశ్చిమ గోదావరి. కందగడ్డలు ఉడికించి, తొక్క తీసి, మెత్తగా మెదిపి, బెల్లమూ పాలూ చేర్చాలి. ఇందులో సందేహించవలసిన మాట ఒక్కటీ కనబడలేదు. కంద మాకు తెలియనిదా? కంద-బచ్చలి కూర లేనిదే మా వైపు విందు విందు కాదు.

పాయసం గొంతు దిగీ దిగకముందే దురద మొదలైంది. చింతపండు పడితేగాని కంద దురద విరగదు; పాలలో పులుపెక్కడిది? మరునాడు సంగతి విని వియ్యపురాలు నవ్వాపుకోలేక, "అయ్యో వదినా, మా కందగడ్డ అంటే మీ చిలగడదుంపనే!" అన్నారు.

విచారించగా తప్పు ఎవరిదీ కాదు. సంస్కృతంలో కందమంటే భూమిలో ఊరే ఏ దుంపయినా కావచ్చును. చిలగడదుంప అమెరికా ఖండం నుండి వచ్చిన పంట. హిందుస్తానీలో దానిని శకర్‌కంద్, అనగా చక్కెర కంద, అన్నారు. తెలంగాణ పేరు ఆ దారికి దగ్గర. రాయలసీమవారి గెనుసుగడ్డ కన్నడ గెణసుకు చుట్టం. కోస్తావారు మాత్రం కంద అనే మాటను దురద దుంప ఒక్కదానికే కట్టిపెట్టుకున్నారు.

పేరును బట్టి వచ్చిన త్రోవ తెలియడం బంగాళదుంప విషయంలో మరీ స్పష్టం. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలు. పోర్చుగీసువారి బటాటా మరాఠీలో నేటికీ అదే పేరుతో ఉన్నది. మన కోస్తా పేరు బంగాళం వైపు వేలు చూపుతుంది. తెలంగాణలో ఆలుగడ్డ, హిందుస్తానీ ఆలూయే; ఆ ఆలూ వెనుక ఉన్న సంస్కృత ఆలుకమో, బంగాళదుంప ఈ దేశం రాక పూర్వమే వేరే దుంపలకున్న పేరు. రాయలసీమ ఉర్లగడ్డ తమిళుల ఉరుళైక్కిళంగుకు తోబుట్టువు. ఒక్క దుంపకు మూడు పేర్లు, మూడు దిక్కులు! (గడ్డ అంటే మా వైపు ముందుగా కురుపు గుర్తుకు వస్తుంది. అలవాటు పడడానికి నాకు కొంతకాలం పట్టింది.)

దీర్ఘం ఒక్కటి తప్పితే కూరే మారిపోయే చోటు కూడా ఉన్నది. గోదావరి, ఉత్తరాంధ్ర ప్రాంతాల ఆనపకాయ రాయలసీమలో సొరకాయ. అక్కడే చిత్తూరు వైపు అనపకాయ అంటే చిక్కుడు జాతి కాయ; దాని గింజలు నానబెట్టి, పొట్టు పితికి వండేదే పితికిపప్పు. 'అనపకాయ పులుసు' అని ఎవరైనా వ్రాస్తే, వ్రాసినవారి ఊరు తెలియక పొయ్యి వెలిగించరాదు. విచిత్రమేమంటే, ఆనపకాయ అనే ఊళ్ళలో సైతం గొప్పలు చెప్పేవాడు కోసేవి సొరకాయ కోతలే.

ఉత్తరాంధ్ర రామములక్కాయ మునగచెట్టుది కాదు, టమాటా. ముళ్ళ మొక్క నేలములకది వంగ కుటుంబమే, టమాటాదీ అదే. చిత్తూరులో అదే తక్కాళి.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షాన భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలను ప్రాంతాలవారీగా సేకరించింది. పొలంలోని మాటకు ఆ గౌరవం దక్కింది. వంటింటి మాటను వంటల పుస్తకాలవారు సాధారణంగా ఒకే పేరుకు దిద్దివేస్తారు. దిద్దినప్పుడు వంటకం ఏ ఊరిదో చెప్పే గుర్తు చెరిగిపోతుంది. దిద్దకపోతే మా ఇంట జరిగినట్లు గొంతు దురద. ఊరి పేరును అలాగే ఉంచి ప్రక్కన అర్థం వ్రాయడం నాకు మేలనిపించింది.

మా ఆవిడ నోటుపుస్తకం మార్జినులో ఇప్పుడు నా దస్తూరీ ఉన్నది: పుంటికూర - గోంగూర, గోకరకాయ - గోరుచిక్కుడు, అనంతపురంలో మటిక్కాయ, ఎర్రగడ్డ - ఉల్లిపాయ. కందగడ్డ దగ్గర మాత్రం ఆవిడే ఎర్ర సిరాతో రెండు గీతలు గీసింది.