అడంగలు గడులు

కాగితము పల్లెలకు వచ్చుటకు పూర్వము గోదావరి సీమలో గ్రామలెక్కలు తాటియాకులమీద గంటముతో వ్రాయబడి, కవిలెకట్టలై కరణము ఇంటి అటకపై నుండెడివి. వానిలో గీతలు లేవు, గడులు లేవు. ఊరి పుట్టుపూర్వోత్తరములు, మాన్యముల వివరము, పొలిమేర తగవులు, పంట పంపకములు ఒకదానివెంట నొకటిగా సాగుచుండెను. సర్వే అధికారి కర్నలు మెకంజీ పంపిన వారు ఊరూర తిరిగి కైఫీయతులు వ్రాసికొన్నప్పుడు ఆధారపడినది ఈ కవిలెల మీదనే. కాగితము వచ్చిన పిదపను కరణము గొలుసుకట్టు వ్రాతను విడువలేదు. కలమెత్తకుండ సాగు ఆ వ్రాతను చదువుట తక్కినవారికి దుస్సాధ్యమగుటచే, లెక్క ఊరిదైనను తాళపుచెవి ఆయన మొలలోనే యుండెడిది.

1802 ప్రాంతమున శాశ్వత పరిష్కారము జరిగి, పెద్దాపురము, పిఠాపురము మొదలగు జమీలకు మారని శిస్తుగా పేష్కషు నిర్ణయమైన తరువాత, ఏ చేనిలో ఏ పైరున్నదో తెలిసికొను అగత్యము కుంపిణీ దొరలకు లేకపోయెను. 1833 నాటి కరవు, బాకీపడిన జమీలు సర్కారు వశమగుట, జిల్లా దుఃస్థితిపై 1844లో మాంట్‌గోమరీ అను అధికారి సమర్పించిన నివేదిక ఆ నిశ్చింతను చెదరగొట్టెను. అయినను లెక్కపుస్తకమున గడులను నింపినది కరవుకన్న నీరని నా అభిప్రాయము. 1847లో ఆరంభమైన ధవళేశ్వరము ఆనకట్ట 1852లో ముగిసి, కాలువలు పారినంత మేర మెట్ట మాగాణి కాజొచ్చినప్పుడు, నీటికి వెల కట్టవలసి వచ్చెను. వెల కట్టుటకు ప్రతి చేనిని వేరువేరుగ అడుగవలసి వచ్చెను.

ఆ అడుగుటకు సాధనమైన పత్రమే అడంగలు. సర్వే నంబరు, విస్తీర్ణము, భూమి స్వభావము, శిస్తు, జలాధారము, పట్టాదారుని పేరు, అనుభవదారుని పేరు, వేసిన పైరు అని నిలువుగీతల నడుమ ఒక్కొక్క ప్రశ్న. అరువదియారడుగుల గొలుసుతో కొలిచిన నేల ఎకరములు సెంట్లుగా మారి విస్తీర్ణపు గడిలో నొదిగెను. మెట్టకు సర్కారు నీరు పెట్టినచో తీర్వజాస్తి, సార్వా కోసిన చేనిలో మరల దాళ్వా వేసినచో ఫసలీజాస్తి పడునుగాన, పైరు గడిలో కరణము వ్రాసిన ఒక్క మాట రైతు చెల్లించు సొమ్మును మార్చుచుండెను. అందుకే అజమాయిషీకి వచ్చువారు చేని గట్టుమీద నిలిచి పైరును, పుస్తకమును మార్చిమార్చి చూచెడివారు. జమాబందీనాడు కట్టలన్నియు మోసికొనిపోయి అధికారి యెదుట కూర్చుండుట కరణమునకు ఏటేట ఒక పరీక్ష. అందు తప్పినవారి కన్న తప్పించుకొన్నవారే యెక్కువయని పల్లెలలో వినవచ్చుట సహజమే.

పత్రము గీచినవాడు నేల కదలదని తలచెను. గోదావరి లంకలు మాత్రము కదలును: ఒక వరదకు ఈ యొడ్డు కోసికొనిపోవును, ఆవలి యొడ్డున మేట వేయును, నంబరు పుస్తకములో నుండును, నేల ఏటిలో నుండును.

అంతకన్న చిక్కైనది అనుభవదారుని గడి. డెల్టాలో సేద్యమున పెద్దభాగము కౌలుదారులది. కౌలు నోటిమాటపై నడచునది. 1956 నాటి కౌలుదారీ చట్టము వచ్చిన పిమ్మట, అడంగలులో పేరెక్కినవాడు రేపు హక్కు నడుగునేమోయను శంక భూస్వాములను వీడలేదు. గడి యున్నది, దున్నువాడున్నాడు, అయినను అందులో పట్టాదారుని పేరే మరల వ్రాయబడుచు వచ్చెను.

1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వము కరణము పదవిని రద్దుచేసినది. లెక్కలు చేతులు మారి, తుదకు కంప్యూటరు చేరినవి. 2015లో మీభూమి అను ప్రభుత్వ వెబ్‌సైటు ద్వారా అడంగలు ఎల్లరి కంటికి అందుబాటైనది. జిల్లా, మండలము, గ్రామము అను జాబితాలనుండి ఎన్నుకొని, సర్వే నంబరును టైపు చేయవలెను. 2022 ఏప్రిలులో జిల్లాల విభజన జరుగగా, అమలాపురము రైతు తూర్పుగోదావరిని విడిచి కోనసీమలో తన యూరిని వెదకికొనవలసి వచ్చెను. నంబరు గడియు తేలికైనది కాదు: 214/3బి వంటి ఉపవిభాగములో గీతయు అక్షరమును కలవు, ఫారము కూర్చువాడు అంకెలకు మాత్రమే అనుమతి యిచ్చినచో ఆ చేను దొరకనే దొరకదు.

ఇక అనుభవదారుని గడి సంగతి. 2011లో కోనసీమ రైతులు పంటవిరామము ప్రకటించిన యేడే కౌలుదారులకు రుణార్హత కార్డుల చట్టము వచ్చినది. 2019 చట్టము పదునొకండు నెలల సాగుహక్కు పత్రము నిచ్చెను. నమూనాలో భూయజమాని సంతకమునకు ఒక గడిని కేటాయించెను. దానిని నింపనిదే దరఖాస్తు చెల్లదు. యజమాని హైదరాబాదులోనో, అమెరికాలోనో యుండును. ఊరనే యున్నను 1956 నాటి శంక యింకను తీరియుండదు.